ఏడు సెంటీమీటర్లు

కోటు జేబులోంచి ఒక అట్టముక్క తీసి
గల్లాబల్ల మీద నిలబెట్టాడు హెల్దుర్.
"ఏడు సెంటీమీటర్లు.
అంతకు గోరంత ఎక్కువున్నా నా పెట్టెలో పట్టదు."

తాలిన్‌లో డిసెంబరు, మూడున్నరకే చీకటి.
ఆయన బూట్ల మంచు కరిగి
కొట్లో చిన్న మడుగు కట్టింది.

పాత వీడియో ప్లేయరు కడుపు ఖాళీ చేసి
అందులోకి కంప్యూటరు దించాడట.
ఫ్యాను మూలగకూడదు,
విల్వెది కోడినిద్ర.

కార్డులన్నీ పరిచాను, జోకరు లేని పేకలా.
ఇది అనలాగ్, చవక,
ఇంకో ఏడాదికి అవతలి ఒడ్డు నుంచి దీనికి పలికేవాడుండడు.
ఇది డిజిటల్, బొమ్మ కడిగిన అద్దం,
లినక్స్‌తో మాత్రం మాటల్లేవు.
ఇది రెండు ట్యూనర్లది,
ఒకటి చూస్తుంటే ఇంకోటి దాచిపెడుతుంది
(ముందు దీన్నే అంటగట్టమని మా యజమాని ఆజ్ఞ),
కానీ పొడుగు, మీ అట్ట ఒప్పుకోదు.
ఇక ఇది. అనలాగూ పడుతుంది, డిజిటలూ పడుతుంది.
పొట్టిది.
ధర పొట్టిది కాదు.

అట్టపెట్టెల మీది గొప్పలు ఆయన చదవలేదు.
కార్డు తిరగేసి, కళ్లజోడు నుదుటికెత్తి
అతుకులు చూశాడు, బియ్యంలో రాళ్లు చూసినట్టు.
మూలనున్న తగరపు డబ్బీని గోటితో తట్టాడు.
"ఉన్నదంతా ఇందులోనే. మిగతాది పెళ్లివారి హడావిడి."

తర్వాత, నేనడక్కుండానే,
రేడియో కార్ఖానా రోజులు.
అప్పుడు ఊళ్లో యాంటెన్నాలన్నీ ఉత్తరానికే తిరిగి ఉండేవట,
సముద్రం అవతలి హెల్సింకీ కేసి.
గాలిని ఆపి కాగితాలడిగే సిపాయి లేడు కదా.
బొమ్మ వచ్చేది.
మాట వచ్చేది కాదు.
మన టీవీ చెవి ఒక చోట, వాళ్ల గొంతు ఇంకో చోట.
అగ్గిపెట్టెంత బ్లాకు ఒకటి చేసి
ఆ చెవిని ఈయన కొంచెం పక్కకి జరిపేవాడు.
పదకొండు ఇళ్లకి, రాత్రిళ్లు, గడియ పెట్టుకుని.
కూలిగా ఒకరు కాఫీ గింజలిచ్చారు,
ఒకరు పొగబెట్టిన ఈల్ చేప,
అయిదో అంతస్తు అమ్మాయి ఏమీ ఇవ్వలేదు,
పెళ్లి చేసుకుంది.

విల్వె ఫిన్నిష్ నేర్చింది ప్రకటనల్లోంచి.
మొదట వచ్చిన మాటలు సబ్బు, వెన్న, ఈ వారం మాత్రమే.
నేను పుట్టేసరికి టీవీలకి గొంతుండేది,
అదీ ఎవరో ఒకరు పెట్టిందేనని
అంతవరకూ నాకు తోచలేదు.

పొట్టి కార్డే తీసుకున్నాడు.
క్రోన్లు రెండుసార్లు లెక్కపెట్టాడు.

వారం తిరక్కుండా మళ్లీ వచ్చాడు, అదే కోటు.
"బొమ్మ వస్తోంది," అన్నాడు.
నా గుండె జారింది.
ఆ వాక్యంలో రెండో సగం నాకు తెలుసు.

తప్పు ఎవరిదో కాదు. అనలాగ్ చానెళ్లకి
కార్డు నుంచి సౌండ్ కార్డుకి ఒక తీగ కలపాలి.
అట్టపెట్టెలో ఉండాలి, లేదు.
సొరుగంతా కెలికి
స్క్రూల కిందనుంచి లాగాను: జానెడు తీగ,
రెండు కొసలకీ తెల్లటి బుడిపెలు.
క్షమించమన్నాను. చెప్పాల్సింది, మర్చిపోయాను.

"వారమంతా అలాగే చూశాం," అన్నాడు.
"వాళ్ల పెదాలు కదిలితే విల్వె మాటలు వేస్తోంది.
నిన్న రాత్రి వార్తలు చదివే ఆయన చేత
అరగంట వెన్న అమ్మించింది.
నవ్వీ నవ్వీ నాకు పొలమారింది."

తీగని చుట్టచుట్టి
అట్టముక్క ఉన్న జేబులోనే వేసుకున్నాడు.
ఎంతన్నాడు. ఊరికే అన్నాను.

తలుపు తీస్తే చలి లోపలికొచ్చింది.
చెవులమీదికి టోపీ లాక్కుంటూ ఆగి,
"ఇవాళే కలపను," అన్నాడు,
"రేపు హాకీ ఉంది.
అందులో అంపైరు ఏమంటాడో వినాలి,
ఆవిడ నోట."