పండ్ల దవాఖానల జిగురు పిండి

మా గల్లీల దాన్ని పండ్ల దవాఖాన అంటరు.
కొత్తగ వచ్చినోళ్ళు కమలాలు అమ్ముతరేమో అనుకుంటరు.
ఏడాదికొక్కసారి వాళ్ళనుకున్నదే నిజం:
పటకార్లు పెట్టే స్టీలు ట్రేల
మోండా మార్కెట్ కమలాలు, ఆకుతో సహా, ఎనిమిది.

ఏడాదంత పిల్లలకు
"జిగురు మిఠాయి వద్దు బిడ్డా" అని చెప్పే డాక్టర్ షియే
కుర్చీ మీద దుప్పటి కప్పి, వెనకింట్ల
చొక్కా చేతులు మడిచి
జిగురు బియ్యం పిండిని బెల్లంపాకంల పిసుకుతుంటడు.
మన అరిసెకు మేనత్త కూతురనుకున్న.
కాదు. ఇది నూనె మొహం చూడది.
ఆవిరి మీదనే గంటలు గంటలు ఉడికి
తడి ఇటుక రంగుకొస్తది.

పొయ్యి మీద గోడకు కాగితం దేవుడు.
"పండుగకు వారం ముందు ఈయన పైకి పోతడు,
ఇంట్ల ఎవరేమన్నరో అంత చెప్పనీకె.
అందుకే" అని ఇంత ముద్ద తీసి
దేవుని మూతికి పూసిండు.
పండ్లు కట్టే చెయ్యి కద,
మీసం ఒక్కటి చెదరలే.

నవ్వకుండ చెప్పిండు తర్వాత:
యుద్ధమైన ఏడు వాళ్ళ నాయన రెండు పళ్ళాలు వండిండట,
ఒకటి ఈ దేవునికి,
ఒకటి ఠాణాల రైటరుకు.
నెలనెలా పోయి సంతకం పెట్టాలె.
ఊరు దాటాలంటే కాగితం కావాలె.
రైటరు తిన్నడట. ఇంకో ముక్క అడిగిండట.
కాగితం మూడు నెలలకొచ్చింది,
కలకత్తాల అక్క పెండ్లి అయిపోయినంక.

పండుగ రాత్రి కొరమీను, అల్లం, ఉల్లికాడలు,
తలా తోకా తెగకుండ.
సగం తిని ఆపేసిన్రు.
వాళ్ళ మాటల చేపన్నా మిగులన్నా ఒకటే చప్పుడట.
తెలువక నేను తోక దిక్కు చెయ్యి చాపితే
ఆయన చెల్లె యూచిన్ గిన్నె జరిపింది,
కసిరినట్టు కాదు,
చిల్లర లెక్క చూసుకున్నట్టు.
ఆ బల్ల చుట్టూ పదకొండు కుర్చీలు.
కూసున్నది నాతోని ముగ్గురం.

పొయ్యేటప్పుడు కాగితంల చుట్టిన ముక్క చేతిల పెట్టి
"నీ పేరే సువార్త,
అందరికంటే ముందు నీ నోరు మూయాలె" అన్నడు.

బస్సుల కొరికిన.
ఎడమ దవడ, వెనక పన్ను,
పోయినేడు ఆయనే నింపిన సిమెంటు
ముక్కకు అంటుకోని చేతిలకొచ్చింది.

సెలవులైనంక ఆ కుర్చీల నేనే పండుకున్న.
అద్దంపుల్ల పెట్టి చూసిండు,
ఒక్క మాట అనలే.
నోరు బార్ల తెరిచే ఉంది నాకు,
చెప్పనీకె రాదు.