అటూ ఇటూ

ముందు పళ్ళెం తుడవాలి.
పోర్టు మీంచి వచ్చే బొగ్గు పొడి
ఈ ఊళ్ళో దేన్నీ వదలదు, నా త్రాసుని కూడా.
తుడిచి, ఫ్యాను ఆపించి,
సున్నా నిలబడేదాకా ఊపిరి బిగబట్టి
అప్పుడు మొదటి ప్యాకెట్టు.

ఆటోనగర్‌లో చివరి వీధి, రేకుల షెడ్డు.
అర కిలో సెనగపిండి.
గుట్టలోంచి ముప్పై రెండు ఏరాను.
పైవి కావు. అడుగువి, గోడవారవి,
సూపర్‌వైజరు చెయ్యి చూపించనివి.

ఖాళీ కవరు బరువు తీసేశాక
నాలుగు వందల తొంభై ఒకటి.
నాలుగు వందల తొంభై.
తొంభై ఒకటి. తొంభై. తొంభై ఒకటి.
అర కిలోకి పదిహేను గ్రాముల వెసులుబాటు ఉంది.
ఏ ఒక్కటీ ఆ గీత దాటలేదు.
యజమాని బొడ్డేటి జోగినాయుడు
గోలీసోడా తెప్పించి నా ముందు పెట్టాడు.
"చూశారుగా సార్, అన్నీ లోపలే."

లోపలే.
కానీ మనిషి చెయ్యైనా, మిషను మూతైనా
పొరపాటుకి రెండు కాళ్ళుంటాయి నాయుడుగారూ,
ఓ అడుగు అటేస్తుంది, ఓ అడుగు ఇటేస్తుంది.
ముప్పై రెండు సార్లూ ఒకే పక్కకి పడిందంటే
ఆ కాలికి ఎవరో దారి నేర్పారు.

ఇది నేను పైకి అనలేదు. కాగితం మీద కూడికలు వేశాను.
చట్టం ఒక్కొక్క ప్యాకెట్టునీ ఓర్చుకుంటుంది,
సగటు దగ్గరికొచ్చేసరికి మఠం వేసుకుని కూర్చుంటుంది.
తొమ్మిదిన్నర గ్రాములు తక్కువ.
ఎంతండీ అది? ఒక మిరపకాయ బజ్జీకి పట్టే పిండి.
ఏ ఇల్లాలూ గిన్నెలోకి వంపుకుంటూ కనిపెట్టలేదు.
రోజుకి ఆరు వేల ప్యాకెట్లని రిజిస్టరులో ఉంది.
యాభై ఏడు కిలోలు.
రోజుకో మనిషి
ఈ షెడ్డులోంచి ఎవరికీ కనబడకుండా
నడిచి వెళ్ళిపోతున్నాడు.

సీలు మిషను దగ్గర మైలపల్లి నూకరత్నం
తల ఎత్తకుండానే అంది:
"ఆ మూలన ఉన్నవి తూసినారా బాబూ?"

మూలన ఇరవై దాకా ఉన్నాయి, గోనె కప్పి.
పొద్దున్న కరెంటు పోయినప్పుడు
గరిటెతో నింపినవట, తనూ ఇంకో గుంటా.
ఐదు వందల ఏడు.
నాలుగు వందల తొంభై నాలుగు.
ఐదు వందల పదకొండు. తొంభై ఎనిమిది.
ఐదు వందల రెండు.
అంకెలు తప్పతాగినట్టు తూలుతున్నాయి,
తూలుతూ తూలుతూనే ఐదొందల గుమ్మం దగ్గరికి
ఇల్లు మర్చిపోకుండా వస్తున్నాయి.
ఇన్నేళ్ళ ఉద్యోగంలో
నాకు ముద్దొచ్చిన తప్పులు ఇవే.

"మరి ఇవి పక్కన పెట్టారేం?"
"ఎక్కువున్నవి ఇప్పి తీసీమన్నారు."
"తక్కువున్నవో?"
"అయి సరేనన్నారు."

నాయుడు నవ్వలేదు. గోలీ సీసాలో గోలీ కదల్లేదు.
నోటీసు రాశాను, మూడు నకళ్ళు,
తేదీ, లాటు నంబరు, తూకాల పట్టిక,
ఆయన సంతకం కిందికి జారిపోయింది.

బయటికొస్తూ గోడ గడియారం చూశాను. ఆరూ ఇరవై.
"మీ డ్యూటీ ఎన్నింటిదాకా?"
"ఆరు."
"రోజూ ఇంతేనా?"
"పావుగంట, ఇరవై నిమిసాలు. ముందొగ్గీసిన రోజు నేదు."
అదీ ఒకే పక్కకి.
దానికి నా సంచిలో పడికట్టు రాయి లేదు.

గాజువాక బస్సులో టిక్కెట్టుకి చెయ్యి చాపితే
అరచేతి గీతల్లో సన్నగా పసుప్పచ్చ.
ఎవరి ప్యాకెట్టులోదో, ఎంతో.
ప్యాంటుకి తుడిచేసుకున్నాను.
తూచలేదు.