చీటీలు ఊడిన రాళ్లు

హుద్‌హుద్ వెళ్లిన మూడో రోజు
మ్యూజియం గది తలుపు తోస్తే
బీరువాల్లో ఒక్క చీటీ మిగల్లేదు.
అద్దాలు పెంకులై నేల మీద,
వాటి నడుమ నాలుగొందల పైచిలుకు రాళ్లు
ఒకరి మొహం ఒకరికి తెలియని
పెళ్లివారిలా కూర్చుని ఉన్నాయి.

నేను రాళ్లు కోసేవాణ్ణి.
డిపార్ట్‌మెంటు వెనక రేకుల షెడ్డు,
వజ్రపు పళ్ల రంపం, కార్బొరండం పొడి, బకెట్టు నీళ్లు.
రాయిని వెంట్రుక కన్నా పలచగా అరగదీసి
గాజుపలక మీద అంటించడం నా కొలువు.
ఇరవై ఆరేళ్లలో ఒక్క రాయికీ పేరు పెట్టలేదు.
పేర్లు పెట్టేవాళ్లు వేరే.

ఆవేళ వేదవల్లి మేడం కుచ్చిళ్లు దోపుకుని
నేల మీదే చతికిలబడి
"రిజిస్టరు తడిసి ముద్దయింది, సన్నిబాబూ.
నువ్వూ చూడు" అన్నారు.

ముందు రవ్వ చూశాం.
మైదాలా వేలికి దొరకనివి ఓ పక్క,
గబగబా చల్లారిపోయి
పలుకు కట్టే తీరిక లేనివి.
బొంబాయి రవ్వంత కనిపించేవి ఇంకో పక్క.
పటికబెల్లం గడ్డలంత పలుకులున్న పెగ్మటైటుని
ఇద్దరం పట్టి జరిపాం.
భూమి కడుపులో
ఎవరూ తొందర పెట్టకుండా ఆరినది అది.

తర్వాత వరస.
అక్కడ అమ్మ గుర్తొచ్చింది.
మధురవాడ అవతల క్వారీలో కంకర కొట్టేది అప్పలకొండ.
"రాయికి సాలుంటాది గుంటడా.
సాలు సూసి ఏత్తే ఒక్కటే దెబ్బ.
సాలు నేని రాయిని కొడితే
సుత్తే ఇరుగుద్ది."

మేడం ఆ మాటే రాసుకున్నారు.
సాలున్నవి: షిస్టు, నైసు.
సాలు లేనివి: పాలరాయి, క్వార్ట్‌జైటు.
నూనె రాసినట్టు పచ్చినలుపు మెరిసే చార్నొకైటు ఎటు?
ఇలా పట్టుకుంటే లేదు,
కిటికీ వైపు తిప్పితే ఉన్నట్టే ఉంది.
కాసేపు పేచీ పడి మధ్యలో పెట్టాం.

ఖోండలైటు ముక్కలే ఎక్కువ.
కైలాసగిరి నుంచి యారాడ దాకా
ఈ ఊరు పక్క వేసుకున్నది దాని మీదే కదా.
సిల్లిమనైటు పీచు ఒకే దిక్కుకి దువ్వినట్టుంటుంది.
మధ్యలో ఎర్రటి గార్నెట్టు అడ్డొస్తే
జగదాంబ సెంటర్లో పడుకున్న ఆవుని
చుట్టి పోయే ఆటోల్లా
పీచంతా వంపు తిరిగి మళ్లీ కలుసుకుంటుంది.

కరెంటు వచ్చాక మైక్రోస్కోపు చూపించారు.
పలక నేను కోసిందే, చూడటం అదే మొదలు.
బల్ల తిప్పుతుంటే పలుగు తెల్లబడి, నల్లబడి,
అభ్రకం నెమలికంఠం రంగులు పోయి…
గార్నెట్టు మాత్రం ఎటు తిప్పినా చీకటే.
"అన్ని దిక్కులూ దానికొకటే" అన్నారు మేడం.
నాకు కేజీహెచ్‌లో డాక్టరు
వెలుగుకెత్తి పట్టిన అమ్మ ఎక్స్‌రే కనపడింది,
ఊపిరితిత్తుల నిండా తెల్ల చుక్కలు.
రవ్వ ఎంతని
అప్పుడు అడగడం తెలీలేదు.

చివరికి ఒక్కటి మిగిలింది.
గులకలు, ఇసక, బంక, నున్నటి అంచులు.
"కాంగ్లోమరేటు" అన్నాడు రీసెర్చి కుర్రాడు కృపానందం.
ముప్పై ఏళ్లుగా ఆ చీటీ కిందే ఉండి ఉంటుంది.
తిప్పి చూస్తే అడుగున
ఆకుపచ్చ సోడాబుడ్డి పెంకు.

ఏ కాలపు కట్టడమో,
అలలు నమిలి ఒడ్డున పారేశాయి.
మేడం పొట్ట పట్టుకుని నవ్వారు,
పారెయ్యనివ్వలేదు.
పెన్ను నా చేతిలో పెట్టారు.

రవ్వ: ముతక.
సాలు: లేదు.
పేరు దగ్గర చాలాసేపు చెయ్యి ఆడలేదు.
కిటికీ అవతల ఆకు లేని చెట్లు,
వాటి సందుల్లోంచి
ఎన్నడూ కనపడని సముద్రం.

గోడ, అని రాశాను.