బుధవారం మూట

ఇరవై ఆరు చొక్కాలు ఈ వారం.
తెల్ల సోల్జర్ల బారక్కు నుంచి
బుధవారం మూట వస్తుంది,
శనివారానికి మడతలై తిరిగిపోవాలి.
చేతి మీద గీత కత్తిలా నిలబడాలి.
నిలబడకపోతే కూలి కోత.

చదువు రాదు నాకు. చొక్కాలు చదువుతాను.
మెడపట్టీ లోపల ఎర్రదారం మూడు కుట్లు, సార్జంటు.
అడ్డంగా ఒకటి, ఎప్పుడూ వాంతి చేసుకునే ఆ కుర్రాడు.
మోకాళ్ళకి ఎర్రమట్టి ఉంటే కొండెక్కారని,
జేబులో పచ్చి కాఫీగింజ దొరికితే
ఎవరి కళ్ళంలోనో ఆగారని.
నెత్తురైతే ఇక చదవక్కర్లేదు.

మా అమ్మ చెప్పేది:
నెత్తురు మరకని వేడినీళ్ళలో పెట్టకు, పట్టేసుకుంటుంది.
చల్లనీళ్ళు, ఉప్పు, ఓపిక.
ఆ ఓపిక ఎవరికోసమో నేనప్పుడు అడగలేదు.

బే-సలీన్‌లో ఇప్పుడు
సారాబట్టీకి పన్ను, పొగాకు కట్టకి పన్ను.
రేవు కాటా మీద కాఫీతో పాటు
వాళ్ళ మనిషి బొటనవేలు కూడా తూగుతుంది.
ముగ్గురు రైతులు ఆ వేలుని వేలెత్తి చూపించారు.
మూడు వారాలైంది, జైల్లో ఉన్నారు.

గురువారం లెఫ్టినెంటు ప్యాంటు జేబులో ఒక కాగితం.
వరసగా, ఒకదాని కింద ఒకటి, పొట్టి పొట్టి మాటలు.
పట్టుకెళ్ళాల్సిన వాళ్ళ పేర్లా?
వాళ్ళమ్మకి రాసుకున్న పాటా?
బడిపంతులు మిర్విల్ ఇల్లు నాలుగడుగులే.
వెళ్ళలేదు.
సబ్బు రాసి, బండకేసి, ముద్ద చేసి ఏట్లో వదిలాను.
సిరా కాసేపు నా వేళ్ళని నీలంగా పట్టుకుంది.

ఆ సాయంత్రమే రేవులో సెలిమేన్ అంది:
"ఉతుకుదాం. గంజి మాత్రం పెట్టొద్దు."
పదకొండు మందిమి నవ్వాం.
ఆ వారం కర్రపెండలం గంజి పిల్లలు తాగారు.

శనివారం కవాతు.
భుజాలు జారిపోయిన సైన్యాన్ని నేను మొదటిసారి చూశాను.
కాలర్లు కుక్కచెవుల్లా వాలిపోయి,
చేతులు చేటల్లా ఊగుతూ.
గోడమీది పిల్లలు పడీపడీ నవ్వారు,
నవ్వుకి ఇంకా పన్ను వెయ్యలేదు కాబట్టి.

అప్పుడే శంఖం వినిపించింది.
మా ఊళ్ళో శంఖం ఊదితే పడవల్లో చేపలొచ్చాయని.
ఆరోజు చేపలు రాలేదు.
కొండ దిగి జనం వచ్చారు,
గాడిదలు లేకుండా, బస్తాలు లేకుండా,
చేతుల్లో కొబ్బరిమట్టలతో.
కస్టమ్స్ ఆఫీసు ముందు ఎండలో కూర్చుని
ముగ్గుర్నీ వదలమన్నారు. కాటా మార్చమన్నారు.
మా మరిది ఒరేలూస్ రెండో వరసలో ఉన్నాడు,
ఆకలేస్తోందని నాకు సైగ చేశాడు.

తర్వాతది నేను చూడలేదు.
సెలిమేన్ నా తల వంచి పట్టుకుంది.
విన్నాను.

ముగ్గురు చనిపోయారని గోడమీద నోటీసు.
ఇరవై అని సంతలో.
ఫాదరు గంట కొడుతూ లెక్క మరిచిపోయాడు.
ఒరేలూస్ ఏ లెక్కలో ఉన్నాడో
మా చెల్లెలు ఇంకా తేల్చుకోలేదు,
రెండు పళ్ళేలే పెడుతుంది.

బుధవారం మూట మామూలుగానే వచ్చింది.
శవాన్ని ఇద్దరు మోస్తారు.
భుజాలు పట్టుకున్నవాడికి మరక,
కాళ్ళు పట్టుకున్నవాడికి దుమ్ము.
మరకవి తొమ్మిది చొక్కాలు.
ఒక్కడే రెండుసార్లు మోసుంటే నా లెక్క తప్పు.
అడ్డంగా ఒక కుట్టు ఉన్నది కూడా వాటిలో ఉంది,
ఈసారి దానిమీద వాంతి లేదు.

ఉప్పుడబ్బా మూత పెట్టేశాను.
మూడు రాళ్ళ మధ్య మంట వేసి
పెద్ద డేగిసా నిండా నీళ్ళు కాచాను.
తెర్లుతుంటే తొమ్మిదీ ఒకటొకటిగా దించాను.
అమ్మ అన్నది నిజమే, పట్టేసుకుంది.

గంజి కూడా పెట్టాను ఈసారి, చిక్కగా.
చేతి మీద గీత కత్తిలా నిలబడింది.
మడతల్లో మరక పైకి కనబడేలా పేర్చి
మూట కడుతున్నాను.
కూలి కోసుకోనీ.