మెమోకు జవాబు

అయ్యా,
మీరడిగింది ఒక్క పేజీ.
నేను రాస్తున్నది ఆటసామాన్ల రిజిస్టరు వెనక,
పోయినేడు చినిగిన వాలీబాల్ నెట్టు లెక్క కింద.

తొమ్మిదో తరగతి, మూడో వరస,
గంధమల్ల కెజియా.
సావధాన్ అంటే మడిమెలు కలుపుతది.
ప్రతిజ్ఞకు చెయ్యి చాపదు.
గీతానికి పెదవి కదపదు.
పక్కపిల్లను గిల్లదు, నవ్వదు,
ఎండకాలం బాయి అడుగున మిగిలిన నీళ్ల లెక్క
నిమ్మళంగ నిలబడ్తది. అంతే.

స్టాఫ్‌రూముల చాయ సల్లారేలోపు
ఆమెకు చానా కారణాలు దొరికినయి.
పేరు చూసి లెక్కల సారు మతమన్నడు.
పాస్టరు దేవసహాయాన్ని అడిగితే
ఆయన చర్చి ముందు తనే జెండా ఎగరేసి
ఏటేటా బూందీ పంచుతడట.
కాల్వ కింద పోయిన ఎకరంనర పైసలు రాలేదని ఒకరు.
ఫోను చూసి చెడిందని ఇంకొకరు.
ఎవరో చెప్పిచ్చిండ్రు అన్నరు మీరు.

నేనే పిలిచి అడిగిన, సైకిల్ స్టాండు కాడ.
ఎందుకు బిడ్డా?
చెప్పు కొనతోని గులకరాయి నూకింది కాసేపు.
"చెప్తేనే ఒప్పుకుంటరా సార్?
చెప్పకుంటే ఒప్పుకోరా?"
ఇర్వై రెండేండ్ల సర్వీసుల
ఈల ఊది ఆపలేని మాట అదొక్కటే.

మన ఇస్తారి ఉన్నడు గద, గంట కొట్టే ఇస్తారి.
మునుగోడు పక్క ఈ బోరునీళ్లు తాగి తాగి
నడుము కొడవలైంది.
గీతం నడిచినంతసేపు నేలనే చూస్తడు.
జెండా చూడాలంటే ఆయన ఎల్లెలకల పండాలె.
నిటారుగ నిలబడమని
ఆయనకు ఏ మెమో రాలే.
ఎముక వంగితే మనకు సమజైతది.
మనసు వంగకుంటేనే
కాయిదం యాదికొస్తది.

ఇంకోటి. ఇది మీరడగలే.
పొద్దున ఎనిమిదిన్నరకు నల్లగొండ చౌరస్తాల
మైకులు మోగంగనే బండి ఆపుత.
అందరం ఆగుతం.
మొన్న నా ముందు పాలక్యాన్లాయన
ఏళ్ల మీద బాకీలు లెక్కేస్తుండు.
ఆటోల ముసలవ్వ దండం పెట్టింది,
గుడి అనుకుందో ఏమో.
నేను ఒక కాలు నేలకానిచ్చి
ఇంటి లోను కిస్తీ తలుసుకుంటున్న.
యాభై రెండు సెకండ్లు.
పెదాలు మాత్రం కదులుతనే ఉన్నయి, అలవాటు.
ఈ పెదాలతోని నేను
ఆ పిల్లను తప్పువట్టాలె.

గౌరవంగ నిలబడ్డ పిల్లల నోరు
బలవంతాన తెరిపియ్యొద్దని
పెద్దకోర్టు ఎన్నడో చెప్పిందట.
సోషల్ మేడమ్ నా చెవిల చెప్పి
ఎవరన్న విన్నరా అని తలుపు దిక్కు చూసింది.

మీరు టీసీ అన్నరు.
రేపు వాళ్లమ్మ పత్తి కూలి ఇడిసిపెట్టుకొని వస్తది.
మీ టేబుల్ ముందు నిలబడి
ఏం తప్పో తెల్వకనే తప్పయిందంటది.
ఆమెతోని అనిపియ్యొచ్చు.
బిడ్డతోని గూడ పాడిపియ్యొచ్చు,
బెత్తముంది, మార్కులున్నయి,
గ్రౌండు నిండ మూడొందల జతల కండ్లున్నయి.
అట్ల పిండితే వచ్చిన గొంతును
జెండా ఏంజేసుకుంటది సార్?

ఈ జవాబు మీకిస్తనో లేదో.
నా ప్రమోషన్ ఫైలు మీ సొరుగులనే ఉన్నది.
ఇయ్యాల్టికైతే
అసెంబ్లీ రిజిస్టరు రాసి సంతకం పెట్టిన.
తొమ్మిదో తరగతి, ముప్పై నాలుగు.
వచ్చినోళ్లు ముప్పై ఒకటి.
నిలబడ్డోళ్లు ముప్పై ఒకటి.
పాడినోళ్లెందరో రాసే గడి
ఈ పుస్తకంల లేదు.
స్కేలు చేతులనే ఉండె.
నేను గియ్యలే.