పది దాటాలి

పొద్దున్నే పోర్ట్ కెంబ్లా నుంచి సిడ్నీ రైలు.
ద్రాగిత్సా నౌమోవ్స్కా తన కుడిచేతిని
ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది,
పక్కింటివాళ్ళ పసిపిల్లను పట్టుకున్నట్టు,
జాగ్రత్తగా, కొంచెం పరాయిగా.

నేను ఆవిడ మాసిడోనియన్ మాటకి అద్దె నోరుని.
గంటకింతని ఇస్తారు.
నాకు నొప్పి ఉండకూడదు,
అభిప్రాయం అసలే ఉండకూడదు.

పోయినేడు ఆ డాక్టరు దగ్గరా నేనే ఉన్నాను.
మంచివాడే. ముట్టుకునేముందు
అరచేతులు రుద్ది వెచ్చబరుచుకున్నాడు.
బళ్ళో పిల్లల కోణమానిని లాంటిదొకటి భుజానికి ఆనించి
ఇంకా పైకి, అన్నాడు.
ఇంకా పైకి, అన్నాను.
నూటపది దగ్గర చెయ్యి ఆగిపోయింది.
ఆవిడ ఊపిరి మాత్రం
ఇంకా పైకి పోతూనే ఉంది.

బట్టలు మీరే ఆరేసుకుంటారా?
ఆరేసుకుంటాను, అంది. ఆగి, ఇంకో ముక్క చేర్చింది:
పెరట్లో తిరిగే ఆ ఇనప చట్రాన్ని
మా ఆయన నా నడుమెత్తుకి దించాడు,
దుప్పట్లు గడ్డిని నాకుతుంటాయి.
నేను మొత్తం చెప్పాను.
ఆయన కలం సగం రాసుకుంది.

నిజం చెప్పాలంటే ఆ రోజు నేనూ ఒక సగం మింగాను.
పగలు సలుపు, అంది.
మెట్లెక్కితే పోటు, అంది.
అర్ధరాత్రి ఎవరో లోపలికి దారం గుంజి ముడేసినట్టు, అంది.
ముప్ఫై ఏళ్ళు కుట్టుమిషను మీద బతికిన మనిషి,
దారం సంగతి ఊరికే అనదు.
గోడమీద గడియారం చూసి నేను ఒక్కటే అన్నాను:
నొప్పి.

నలభై నిమిషాలు.
తరవాత కాగితం వచ్చింది. తొమ్మిది శాతం.

ఇక్కడ పది దాటాలి.
పదంటే పది చాలదు, పదకొండు కావాలి.
దాటితే బాధకి వెల ఉంది.
దాటకపోతే
బాధ ఉంది.

లారీ ఎర్రలైటు దగ్గర ఆగలేదని అందరూ ఒప్పుకున్నారు.
పేచీ అంతా రెండు అంకెల దూరం మీద.
మళ్ళీ చూడమంటే చూడనక్కర్లేదన్నారు.
అందుకే ఈ రైలు.

కోర్టులో ఎవరూ చెయ్యి ఎత్తమనలేదు.
కోటు కూడా విప్పమనలేదు.
అది ఆవిడకి వింతగా తోచింది.
అంతసేపూ పద్నాలుగో పేజీ, మూడో పేరా.
బీమావాళ్ళ లాయరు ఆరేసుకుంటానందిగా, అన్నాడు.
మన లాయరు, పొట్టిమనిషి, జలుబు చేసి ఉన్నాడు,
గడ్డి మీది దుప్పట్లను ఒక్కొక్కటే తీసి చూపించాడు.

జడ్జి అద్దాలు తుడుచుకుంది.
తొమ్మిది తప్పో ఒప్పో తేల్చడం నా పని కాదు, అంది.
తొమ్మిదికి ఏ దారిన వెళ్ళారో నాకు కనపడాలి.
ఇక్కడ మేడ ఉంది, మెట్లు లేవు.
కొట్టేశాను.

నేను చెవిలో చెప్పాను.
ఆవిడ చెవిలోనే అడిగింది: అంటే నా చెయ్యి గెలిచిందా?
లేదమ్మా. కాగితం ఓడింది.
లాయరు తుమ్మి, వివరించాడు:
ఇంకో డాక్టరు, ఇంకో గది, మళ్ళీ పైకి, ఇంకా పైకి.
మళ్ళీ తొమ్మిదే రావచ్చు,
ఈసారి మెట్లతో సహా.

తిరుగు రైల్లో పైనున్న సంచీకోసం లేచి
సగంలో ఆగింది. నేనే దించాను.
అందులో ఆకుచుట్టిన మిరపకాయలు, నాకో రెండు పెట్టింది.
అక్కడికి కూడా నువ్వే వస్తావా?
ఎవర్ని పంపిస్తారో తెలీదన్నాను.

నా నోటి మీద అప్పీలు లేదు.
నా మెట్లు ఎవరూ అడగరు.
ఒట్‌ఫర్డ్ దాటాక సొరంగం వచ్చింది,
అద్దంలో మా ఇద్దరి మొహాలూ మిగిలాయి.
ఆ చప్పుడులో, పెదాలు కదలకుండా,
సలుపు. పోటు.
మూడోదానికి ఇంగ్లీషులో మాట వెతుకుతుండగానే
వెలుతురొచ్చేసింది,
సముద్రం.