రెండు గంటలు

పక్క తిప్పు మావా, అంది తులసి.
పావుగంటకోపాలి. ఎడమ, కుడి, ఎల్లకిలా, బోర్లా.
పెనం మీద సందువ సేపలాగ నన్ను తిప్పి తిప్పి
ఉచ్చసంచి గోడలన్నిటికీ మందు పూయాలట.
గొట్టం తీసీసినారు. మందు లోపలే ఉంది.
రెండు గంటలు ఆపుకోవాలి.

నెల్లిమర్ల మిల్లులో షిఫ్టంతా ఆపుకున్నోణ్ణి.
మగ్గం ఒగ్గి లెగిస్తే మేస్త్రీ పేరు రాసీసీవోడు.
ముప్పయ్యేళ్లు గోనెసంచులు నేసిన నాకు
సంచిలోనే వొచ్చింది రోగం.
నవ్వొస్తాది.
నవ్వితే కారిపోద్ది.

తులసి మా సెల్లి కూతురు.
యూనివర్సిటీలో గాజుపళ్లాల్లో
ఇదే రోగం కణాల్ని పెంచుతాదట.
కోళ్లని పెంచినట్టా? అన్నాను.
కాదు మావా, చంపడానికి పెంచుతాం.
కోళ్లనీ అందుకే కదే.

బోర్లా పడుకున్నాను. దుప్పట్లోకి మాటాడతన్నాను.
ఎలాగ సంపుతావు, కోసీసా?
నోరు నొక్కుతాం, అంది.

మీ ఆఫీసు గదిలో ఇనప బీరువా,
బీరువాలో పెద్ద పుస్తకం ఉండేది కదా.
అది గడప దాటదు. గుమస్తా చీటీ మీద కాపీ రాసి పంపితే
మగ్గం ఆడతాది.
నీ లోపల ఒక గుమస్తాకి పిచ్చెక్కింది మావా,
రేయీ పగలూ ఒకటే చీటీ:
పెరుగు, పెరుగు, ఆగకు.
పుస్తకం తగలెట్టం. గుమస్తా జోలికి పోం.
ఆ చీటీకి అచ్చరానికి అచ్చరం సరిపడే
ఎదురుచీటీ ఒకటి పంపుతాం.
దారిలో దాన్ని కరుసుకుంటాది.
అప్పుడు కత్తెర వొచ్చి రెండు ముక్కలు చేస్తాది.
చీటీ చేరకపోతే మగ్గానికి ఏం తెలుస్తాది?

కుడి పక్కకి తిరిగాను. కిటికీలో ఇజీనారం ఎండ.

లాకౌటు నాడు సైరను కుయ్యలేదు.
మగ్గాలన్నీ ఒక్కపాలి నోరు మూసీసినాయి.
సెవుల్లో ఆ మోత లేక నిద్దరట్టలేదు,
సంపావతి నీళ్లు పారడం అప్పుడే ఇన్నాను.
పదిరోజులకి గంజి కూడా అయిపోయింది.

సూసి నొక్కవే, అన్నాను.
అన్ని మగ్గాలూ ఆపీకు. ఆ ఒక్కదాన్నే.

తులసి సాలాసేపు మాటాడలేదు.
అదే మావా మాకు కష్టం, అంది.

నాకు అందుతాదా ఆ మందు?
ఎలకల దాకా వొచ్చింది, అంది.
నీ దాకా అని మొదలెట్టి
గోడ గడియారం సూసింది.
టైమయింది మావా, ఎల్లకిలా.

పొత్తికడుపు మండతంది. మాట రాలేదు.
మిల్లు మోతలో మేం ఆడుకున్న సైగ ఒకటుంది,
రెండేళ్లు ముడేసి పైకెత్తితే
దారం తెగింది, అతుకుతన్నాను, ఉండు, అని.
ఎత్తాను.
దానికి తెలీదు ఆ బాస.
దాహమనుకుని గబగబా గ్లాసు అందించింది.

ఇప్పుడు కాదే గుంటా.
ఇంకా పావుగంట ఉంది.